కోసిన డబ్బా ఎక్కడికి పోతున్నది?

కదిరి: ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడరాదన్నారు పెద్దలు. ఆ పెద్దల కాలంలో ఏనుగు సెకండ్‌హ్యాండులో దొరికేది కాదు. ఇప్పుడు దొరుకుతున్నది. కొత్తలో పాతిక లక్షలు, నలభై లక్షలు పలికిన బెంజి, బి.ఎం.డబ్ల్యు., ఆడి, క్యామ్రీ కార్లు పదిహేనేళ్లు తిరిగేసరికి కొత్త మారుతి ధరకంటే తక్కువకు బెంగుళూరులో బేరానికి నిలబడుతున్నాయి. గోరంట్ల మీదుగా పూట తిరగకముందే కదిరి చేరుకుంటాయి. కువైటు నుంచి నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చినవారు, చిన్న కాంట్రాక్టర్లు, పెళ్లిళ్లకు కార్లు బాడుగకు తిప్పేవారు ఇలాంటి కార్లపై మోజుపడడంలో తప్పేమీ లేదు. వానలు మొహం చాటేసే ఈ గడ్డమీద పుట్టినవాడికి మెత్తటి సీటుమీద కూర్చునే హక్కు లేదని ఎవరూ శాసనం రాయలేదు.

తంటా అంతా కొన్న ఏడాదికో రెండేళ్లకో మొదలవుతుంది. కారు గుట్ట ఎక్కడానికి రొప్పుతుంది. మీటర్ల పక్కన ఇంజను బొమ్మ దీపం పచ్చగా వెలిగి ఆరనంటుంది. యజమాని షెడ్డుకు తోలుకుపోతాడు. అక్కడ జరిగే మాటలు ఏ ఊరి షెడ్డులోనైనా దాదాపు ఒక్కటే.

“అన్నా, పికప్పు రాలేదు. ఎంత తొక్కినా అట్లనే నిలబడిపోతాంది.”

“దానికేముందప్పా, కింద కన్వర్టరు బ్లాకై ఉంటుంది. కోసి పైపు ఏసేస్తా, మధ్యాన్నానికి తీసకపో. కంపెనీకి పోయినావంటే లచ్చ పైన దుడ్డు అడుగుతారు. ఈ కారుకు అంత పెట్టాల్నా?”

యజమాని గుండె తేలికపడుతుంది. మధ్యాహ్నానికి కారు నిజంగానే పరుగెత్తుతుంది. మెకానిక్కు దేవుడిలా కనిపిస్తాడు. కోసి తీసిన ఇనుప డబ్బా ఏమైందని అడగాలన్న ఆలోచన చాలామందికి రాదు. అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

డబ్బాలో ఏమున్నది?

ఇంజనుకూ సైలెన్సరుకూ నడుమ కారు అడుగున ఉండే ఈ డబ్బాను కాటలిటిక్ కన్వర్టరు అంటారు. పైకి ఇనుము. లోపల పింగాణీ దిమ్మె. దాన్ని అడ్డంగా చూస్తే తేనెతుట్టె గుర్తుకొస్తుంది. చదరపు అంగుళానికి నాలుగు వందల వరకు సన్నటి గళ్లుంటాయి. ఆ గళ్ల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాలను కంటికి కనపడనంత పలుచగా పూసి ఉంటారు. ఇంజను వదిలే పొగ ఈ గళ్లలోంచి దూరిపోయేటప్పుడు అందులోని విషవాయువులు మారిపోతాయి. కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు వాయువుగా, కాలని పెట్రోలు ఆవిరి నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు గాలిలో ఉండే నైట్రోజన్‌గా మారతాయి. లోహం మాత్రం ఖర్చు కాదు. పాలు తోడుపెట్టే చేమిరి కూడా పెరుగులో కలిసిపోతుంది గాని ఇది కలవదు. పని చేయించి తాను పక్కకు తప్పుకుంటుంది.

ఈ ఆలోచన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీది. అమెరికాలో స్థిరపడిన ఆయన 1950లలోనే దీన్ని తయారుచేశాడు. కాని అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం తగిలితే ఈ లోహాల పూత చచ్చిపోతుంది. అందువల్ల అమెరికాలోనే 1975 మోడలు కార్లతో గాని ఇది వాడుకలోకి రాలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు దేశమంతటికీ అందింది 2000 ఫిబ్రవరిలో. ఆ 1995లోనే పూణేలో బెంజి కార్ల తయారీ మొదలైంది. అంతకు ముందటి అంబాసిడరుకో కాంటెస్సాకో కన్వర్టరు లేదు, అక్కరలేదు. వాటికి “కన్వర్టరు పోయింది” అని ఎవరైనా చెబితే ఆ షెడ్డు గడప మళ్లీ తొక్కకపోవడం మేలు.

ఇక లోహాల ఖరీదు. ఒక డబ్బాలో ఉండేది కొద్ది గ్రాములే. అయినా 2021 మార్చిలో రోడియం ధర ఔన్సుకు 29 వేల డాలర్లు దాటింది. అప్పుడు ఔన్సు బంగారం 1,700 డాలర్ల దగ్గర ఉన్నది. ఔన్సంటే సుమారు 31 గ్రాములు. రోడియం ధర తర్వాత బాగా పడిపోయిన మాట నిజమే గాని, ఇప్పటికీ అది ఇనుప సామాను లెక్కన తూచే సరుకు కాదు. గుజరాత్, మహారాష్ట్రలలో ఈకో వ్యాన్ల సైలెన్సర్లను దొంగలు రాత్రికి రాత్రి విప్పుకుపోయినది ఈ పొడి కోసమే. విప్పినవాడికి, కొన్నవాడికి, కరిగించేవాడికి అందరికీ విలువ తెలుసు. తెలియనివాడు కారు యజమాని ఒక్కడే. పెద్ద ఇంజను ఉన్న పాత ఖరీదైన కార్ల డబ్బాలలో పూత చిన్న కార్లకంటే ఎక్కువగా ఉంటుంది గనుక, వాటి పాత సామానుకు గిరాకీ కూడా ఎక్కువ.

అంటే కోయించుకున్నవాడు కూలీ ఇచ్చి మరీ సొమ్ము వదిలి వస్తున్నాడు. కోయడం ఉచితమని ఎవరైనా చెబితే మరింత అనుమానించాలి.

కోస్తే పరుగెందుకు వచ్చింది?

కన్వర్టరు తీశాక కారు పరుగెత్తింది గదా, కాబట్టి అది ఉండడమే దండగ అని ఊళ్లో వాదించేవారున్నారు. బావికి పూడిక పట్టి నీళ్లు రాకపోతే పూడిక తీస్తాము గాని బావి పూడ్చము. మంచి కన్వర్టరు ఇంజనుకు అడ్డం రాదు. గళ్లు మూసుకుపోయినప్పుడే పొగ వెనక్కు తన్ని ఇంజను ఊపిరాడక రొప్పుతుంది. అసలు అవి ఎందుకు మూసుకుపోయాయన్నది చూడకుండా లక్ష పెట్టి కొత్తది వేసినా ఆరు నెలలలో అదే గతి పడుతుంది. ఖర్చు తగ్గే మార్గమంతా ఇక్కడే ఉన్నది.

కన్వర్టరు తనంతట తానుగా చావడం తక్కువ. దాన్ని ఇంజను చంపుతుంది. ఒక ప్లగ్గో కాయిలో సరిగా పనిచేయకపోతే ఆ సిలిండరులో కాలని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. మామూలుగా నాలుగు వందల నుంచి ఎనిమిది వందల డిగ్రీల వేడిలో పనిచేసే దిమ్మె అప్పుడు వెయ్యి దాటి కరిగి ముద్దవుతుంది. పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు అరిగిన ఇంజను ఆయిలు తాగుతుంది. ఆ ఆయిలులోని భాస్వరం పూతమీద పొరకట్టి ఊపిరి తీస్తుంది. రేడియేటరు నీరు లోపలికి కారినా అంతే. కిరసనాయిలు కలిసిన కల్తీ పెట్రోలు సంగతి చెప్పనక్కరలేదు.

పల్లెల్లో రెండు అలవాట్లు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్యాటరీ దిగినప్పుడు నలుగురిని పిలిచి కారును తోసి స్టార్టు చేయడం ఒకటి. ఇంజను అందుకోకముందు తోసినంతసేపూ పచ్చి పెట్రోలు కన్వర్టరులోకి పోతుంది. రెండోది ముల్లు ఎర్రగీతమీద పడ్డాక కూడా “బంకు దాకా వస్తుందిలే” అని లాగడం. పెట్రోలు తెగి తెగి అందితే ఇంజను తడబడుతుంది, ఆ తడబాటు భారం కన్వర్టరే మోస్తుంది. పది రూపాయల పెట్రోలు దగ్గర కక్కుర్తిపడి వేల రూపాయల సామాను కాల్చుకోవడమన్నమాట.

ఇంజను బొమ్మ దీపం వెలిగినంత మాత్రాన కన్వర్టరు పోయినట్టు కాదని కూడా తెలుసుకోవాలి. ఇప్పుడు చాలా షెడ్లలో స్కానరు ఉంది. అది పి 0420 అని చూపగానే తీర్పు చెప్పేస్తున్నారు. ఆ అంకెకు అర్థం కన్వర్టరు పనితనం తగ్గినట్టు కనిపిస్తున్నదని మాత్రమే. వెనకవైపు ఆక్సిజన్ సెన్సారు ముసలిదైనా, పైపు జాయింటు దగ్గర గ్యాస్కెట్టు పోయి గాలి పీలుస్తున్నా అదే అంకె వస్తుంది. సెన్సారు, గ్యాస్కెట్టు కన్వర్టరుకంటే ఎంతో చౌక. అందుచేత ముందు వాటిని చూడమని పట్టుబట్టాలి.

మూసుకుపోయిందో లేదో తేల్చడానికి కోయనక్కరలేదు. ఇంజనుకు దగ్గరగా ఉన్న ముందు ఆక్సిజన్ సెన్సారును విప్పి ఆ రంధ్రంలో ఒత్తిడి గేజి బిగించి చూస్తారు. టైరు గాలి కొలిచే పౌన్ల లెక్కలోనే, ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ఒకటిన్నర లోపు, నిమిషానికి 2,500 చుట్లు తిప్పినప్పుడు మూడు లోపు ఉంటే దారి తెరిచే ఉన్నట్టు. దానికంటే బాగా పెరిగితే మూసుకుపోయినట్టే. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు లోపల గలగలమంటే దిమ్మె పగిలింది. పొగ కుళ్లిన గుడ్డు వాసన కొడితే అదొక గుర్తు. ఈ పరీక్షకు పట్టేది అరగంట.

ఖరీదైన కార్లవారికి మాత్రమే పనికివచ్చే మాట ఒకటున్నది. ఆరు సిలిండర్ల వి ఆకారపు ఇంజను ఉన్న కార్లకు కన్వర్టర్లు రెండు, కొన్నింటికి నాలుగు దాకా ఉంటాయి. ఒక్కో వరసకు వేరువేరు. స్కానరులో పి 0420 ఒక వరసను, పి 0430 రెండో వరసను చూపుతుంది. కంపెనీ వర్క్‌షాపులో రెండు వరసలకూ కలిపి బిల్లు వేయవచ్చు. చెడినది ఒకటే అయితే ఒకటే మార్చమని అడగడానికి మొహమాటం అక్కరలేదు. బిల్లు అక్కడే సగమవుతుంది.

లక్షకూ పైపుకూ నడుమ

కంపెనీ సామాను, లేదా వట్టి పైపు. ఈ రెండే దారులని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు. ఆ మోడలుకు సరిపోయేలా వేరే తయారీదారులు చేసిన కన్వర్టరు ఒక దారి. ఏ కారుకైనా వెల్డింగు చేసి అమర్చే విడి డబ్బా మరొకటి. బెంగుళూరులో సైలెన్సరు పని తప్ప మరేమీ ముట్టని వర్క్‌షాపులున్నాయి. పాత డబ్బాను కోసి, అదే కొలతలో కొత్త దిమ్మె ఉన్న డబ్బాను పెట్టి, సెన్సారు బెజ్జం ఉన్నచోటే ఉండేలా అతుకుతారు. కంపెనీ చెప్పే ధరతో పోలిస్తే ఇది బాగా తక్కువ. ఈ దిమ్మెలకు పూత పూసే కర్మాగారాలు చెన్నై దగ్గర, హర్యానాలోని మానేసర్లో ఉన్నాయి. సముద్రాలు దాటి రావలసిన వస్తువని భయపెట్టేవారికి ఈ మాట చెప్పాలి.

ఇక్కడా మోసానికి తావున్నది. లోపల వట్టి రేకు ఉండి పైకి కన్వర్టరులా కనిపించే డబ్బాలు కూడా అంగళ్లలో తిరుగుతున్నాయి. అతకకముందు రెండు చివరలనుంచీ టార్చి వేసి చూస్తే తేనెతుట్టె గళ్లు కనిపించాలి. ఇంజను ఎన్ని సీసీలు, పెట్రోలా డీజిలా, ఏ భారత్ స్టేజి కారు అన్నవి చెప్పకుండా డబ్బా ఇచ్చేవాడి దగ్గర కొనరాదు. డీజిలు కారు డబ్బా లోపలి పని వేరు, పెట్రోలు కారుకు అది పనికిరాదు. బిల్లు, గ్యారంటీ రాయించుకోవాలి. చెన్నై పుదుపేటలోనో బెంగుళూరు శివాజీనగర్ గుజిరీలోనో వాడిన కన్వర్టరు చౌకగా దొరకవచ్చు. బిల్లు లేనిదైతే అది ఎవరి కారు కిందనుంచి రాత్రిపూట దిగిందో ఎవరు చెప్పగలరు?

సీసాలలో అమ్మే మందు పెట్రోలులో పోస్తే మసి కొంత తగ్గుతుందేమో గాని కరిగిన దిమ్మె లేవదు. దానిమీద డబ్బు పెట్టేకన్నా కొత్త ప్లగ్గులు కొనడం నయం.

పని బాగా జరిగిందో లేదో తేల్చేది యజమాని చెవి కాదు, పొల్యూషన్ పరీక్ష చీటీ. ఆ చీటీమీద ముద్ర చూసి జేబులో పెట్టుకోవడమే అందరికీ తెలుసు, అంకెలు చదివేవారు తక్కువ. భారత్ స్టేజి 2, 3 పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు అర శాతం లోపు, హైడ్రోకార్బన్లు 750 లోపు ఉండాలి. స్టేజి 4 కార్లకు 0.3 శాతం, 200. ఈ స్టేజి 4 దేశమంతటా వచ్చినది 2017 ఏప్రిల్‌లో గాని, బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాలలో 2010లోనే వచ్చింది. కాబట్టి 2012లో బెంగుళూరులో రిజిస్టరైన కారుకు కదిరిలో కూడా కఠినమైన లెక్కే వర్తిస్తుంది. మార్చకముందు ఒక చీటీ, మార్చాక ఒక చీటీ తీయించి పక్కపక్కన పెడితే డబ్బాలో పూత ఉన్నదో రేకు ఉన్నదో తెలిసిపోతుంది. కారు మొహం చూడకుండానే చీటీ చేతిలో పెట్టే చోట్లకు వెళితే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. రవాణా శాఖ అధికారులు నడిరోడ్డుమీద కాగితాలు అడిగే శ్రద్ధలో సగం ఈ పరీక్షా కేంద్రాల తనిఖీకి పెడితే బాగుండునని వాహనదారులే అంటున్నారు.

చట్టం సంగతి కూడా తేలికగా లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు. అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి మార్పుకు అయిదువేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కోసిన మెకానిక్కు ఆ రోజు పక్కన ఉండడు.

జిల్లాలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడినుంచి రోడ్డెక్కే ప్రతి పెట్రోలు కారు అడుగునా ఈ డబ్బా ఉంటుంది. ఒక మండలంలో బిగించినదాన్ని మరో మండలంలో రంపం పెట్టి కోస్తున్నామంటే వింతగా లేదూ? ఫాల్గుణంలో నరసింహస్వామి తేరు లాగే రోజున కదిరి వీధుల్లో ఎంత జనమో చెప్పనవసరం లేదు. ఆ జనం నడుమ వట్టి పైపు కారు ఒకటి ఆగి ఆగి కదులుతుంటే వెనక నడిచే పిల్లల ముక్కు సరిగ్గా ఆ పైపు ఎత్తులోనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు వేసిన షెడ్డులో ఇంజను నడిపితే మనిషి ప్రాణమే తీస్తుంది.

కన్వర్టరు ఉన్నవారికీ ఒక హెచ్చరిక ఉన్నది. అది మంచిదైనా చెడ్డదైనా నిప్పు కణికలా కాలుతుంటుంది. కోతల కాలంలో మన రోడ్లమీద ఉలవ కట్టె, కంది కట్టె పరిచి బండ్ల చక్రాలతో తొక్కించడం మామూలు. అడుగు తక్కువ ఎత్తున ఉండే ఈ పెద్ద కార్లకు ఆ కట్టె ఇట్టే చుట్టుకుంటుంది. ఎండిన చెనిక్కాయ కట్టె ఉన్న కళ్లంలో కారు నిలిపితే కారూ, కట్టే రెండూ పోవచ్చు. పశువులకు ఏడాది మేత అది. రోడ్డుమీద కట్టె పరిచేవారు, కారు తోలేవారు ఇద్దరూ ఆలోచించవలసిన విషయం.

కారు ఇంకా కొననివారు బయానా ఇవ్వకముందే ఒకసారి కిందికి వంగి చూడాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు కార్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లను ఆపాలన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత ఆ నిబంధన ఎన్ని మలుపులు తిరిగినా, అక్కడి పాత ఖరీదైన కార్లు చౌక ధరకు ఇతర రాష్ట్రాలకు తరలుతూనే వచ్చాయి. ఎన్ని చేతులు మారాయో, ఎవరి చేతిలో రంపం ఉన్నదో తెలియదు. ఇంజనుకూ సైలెన్సరుకూ నడుమ ఉబ్బెత్తు డబ్బా లేకుండా తిన్నటి పైపు, దానికిరువైపులా వెల్డింగు మచ్చలు కనిపిస్తే కన్వర్టరు ఎగిరిపోయినట్టే. తాళం తిప్పగానే ఇంజను బొమ్మ దీపం ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ దీపాన్నే పీకేశారని అనుమానించాలి. అప్పుడు కొత్త కన్వర్టరు ఖరీదు బేరంలో తగ్గించమని అడగవచ్చు. అమ్మేవాడు తగ్గించనంటే ఆ కారును అక్కడే వదిలి రావచ్చు. బెంగుళూరులో పాత కార్లకు కరువు లేదు.